బ్రేకులో చేరిన గాలి

పాఠ్యాంశ ఉద్దేశం

కారు బ్రేకు పెడల్ మెత్తబడటానికి కారణం ఏమిటి, దానిని సరిచేసే పద్ధతి ఏమిటి అనే విషయాలు ఈ పాఠంలో వివరింపబడ్డాయి. తరగతి గదిలో చదివిన ఒక భౌతికశాస్త్ర సూత్రం నిత్యజీవితంలో ప్రాణరక్షణకు ఎలా ఉపయోగపడుతుందో విద్యార్థులకు తెలియజేయడం దీని ఉద్దేశం.

పాఠం

రథాన్ని కదిలించేవి గుర్రాలైతే, దానిని అదుపులో ఉంచేవి పగ్గాలు. గుర్రాలు ఎంత మేలుజాతివైనా పగ్గం తెగిన రథం ఎక్కడానికి ఎవరూ సాహసించరు. నేటి మోటారు వాహనంలో ఆ పగ్గాల స్థానం బ్రేకుకు దక్కింది. కారు కొనేవారు ఇంజన్ శక్తిని గురించి, వేగాన్ని గురించి, రంగును గురించి ఎంతో విచారిస్తారు. బ్రేకును గురించి మాత్రం అది పనిచేసినంతకాలం ఎవరూ ఆలోచించరు.

బ్రేకు చక్కగా ఉన్న కారులో పెడల్‌ను తొక్కితే అది కొద్ది దూరం దిగి, గట్టిగా నిలుస్తుంది. పాదం రాతిమెట్టు మీద ఆనినట్లు ఉంటుంది. కొన్నాళ్లకు ఈ గట్టిదనం తగ్గవచ్చు. పెడల్ దూదిపరుపు మీద కాలు మోపినట్లు మెత్తగా కిందికి దిగిపోతుంది. వెంటవెంటనే రెండు మూడు సార్లు తొక్కితే మళ్లీ కాస్త గట్టిపడుతుంది. మెకానిక్కులు దీనిని "పెడల్ స్పాంజిలా ఉంది" అనీ, "బ్రేకులో గాలి పట్టింది" అనీ అంటారు. వాహనం నడిపేవారిలో కొందరు "రెండోసారి తొక్కితే పడుతోంది కదా" అని సరిపెట్టుకుంటారు. ఈ సరిపెట్టుకోవడమే ప్రమాదానికి మూలం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు ముందుకు పోతుంది. బంతి వెంట పరుగెత్తుకుంటూ ఒక పసివాడు రోడ్డు మీదికి వచ్చినప్పుడు రెండోసారి తొక్కే వ్యవధి ఎవరికీ ఉండదు.

పాదబలం చక్రానికి చేరే తీరు

తొలినాటి మోటారు బండ్లకు చక్రాన్ని ఒరుసుకొనే కొయ్యదిమ్మెలే బ్రేకులు. 1888లో జర్మనీలో బెర్తా బెంజ్ తన భర్త కార్ల్ బెంజ్ నిర్మించిన బండిలో మన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్‌కు ప్రయాణం చేసింది. పల్లపు దారులలో ఆ దిమ్మెలు అరిగిపోగా, చెప్పులు కుట్టే పనివారిచేత వాటికి తోలు వేయించి ముందుకు సాగింది. ఆ తరువాత చాలాకాలం పాటు పెడల్ బలాన్ని ఇనుపకడ్డీలు, తీగలు చక్రాలకు చేరవేసేవి. వాటిలో ఒక చిక్కు ఉంది. ఒక తీగ సాగినా, ఒక కీలు అరిగినా నాలుగు చక్రాలకూ బలం సమానంగా అందదు. బ్రేకు వేయగానే బండి ఒక పక్కకు లాగుతుంది.

ఈ చిక్కును విప్పిన సూత్రం అప్పటికే రెండు వందల ఏళ్లకు పైగా పుస్తకంలో ఉంది. మూసివున్న పాత్రలోని ద్రవం మీద ఒకచోట కలిగించిన పీడనం అన్ని దిక్కులకూ సమానంగా వ్యాపిస్తుందని ఫ్రెంచి శాస్త్రవేత్త బ్లెయిజ్ పాస్కల్ చెప్పాడు. ద్రవాల సమతాస్థితిని గురించి ఆయన రాసిన గ్రంథం, ఆయన మరణించిన మరుసటి ఏడు 1663లో వెలువడింది. అమెరికాకు చెందిన మాల్కం లాక్‌హీడ్ ఈ సూత్రాన్ని మోటారు వాహనాల బ్రేకుకు అన్వయించాడు. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకూ ద్రవంతో పనిచేసే బ్రేకులతో మార్కెట్టులోకి వచ్చింది. 1924లో క్రైస్లర్ కారు ఈ పద్ధతిని మరింతమందికి చేరువ చేసింది.

ఈ ఏర్పాటులో పెడల్ ఒక మీటకోల వంటిది. పాదం 10 కిలోల బలంతో తొక్కితే, అది అయిదు రెట్లయి 50 కిలోల బలంగా 'మాస్టర్ సిలిండర్' అనే గొట్టంలోని ముషలకాన్ని నెడుతుంది. ఆ ముషలకం వ్యాసం 20 మిల్లీమీటర్లు, చక్రం వద్ద ఉన్న ముషలకం వ్యాసం 50 మిల్లీమీటర్లు అనుకొంటే, రెండోదాని వైశాల్యం మొదటిదానికి ఆరు రెట్లకు పైగా ఉంటుంది. అందువలన పాదం వేసిన 10 కిలోలు చక్రం దగ్గరకు చేరేసరికి 300 కిలోలకు మించిన బలమై, తిరిగే డిస్కును బ్రేకు ప్యాడ్లచేత నొక్కిస్తుంది. ఇంజన్ నుండి సహాయం తీసుకొనే 'బూస్టర్' ఉంటే ఈ బలం ఇంకా పెరుగుతుంది.

అయితే ప్రకృతి ఏదీ ఉచితంగా ఇవ్వదు. బలం ఎన్ని రెట్లు పెరిగిందో, కదలిక అన్ని రెట్లు తగ్గుతుంది. పెడల్ కొన్ని సెంటీమీటర్లు దిగితే చక్రం వద్ద ప్యాడ్ కదిలేది మిల్లీమీటరులో కొంత భాగం మాత్రమే. బ్రేకు మర్మమంతా ఇక్కడే ఉంది. ఉన్నదే కొద్దిపాటి కదలిక కనుక, అందులో ఏ కొంచెం వృథా అయినా పెడల్ వద్ద పెద్ద లోటుగా కనిపిస్తుంది.

ద్రవానికీ గాలికీ గల తేడా

విద్యార్థులు ఈ తేడాను సూది లేని ఒక సిరంజితో స్వయంగా తెలుసుకోవచ్చు. సిరంజి నిండా నీరు తీసుకొని, మూతిని వేలితో గట్టిగా మూసి నొక్కితే అది కదలదు. అదే సిరంజిలో గాలి నింపి నొక్కితే సులభంగా లోపలికి పోతుంది, వదిలితే తిరిగి వస్తుంది. ద్రవం పీడనానికి దాదాపు లొంగదు. వాయువు లొంగి, కుంచించుకుపోతుంది.

పైన చెప్పిన లెక్క ప్రకారం పాదం 10 కిలోల బలంతో తొక్కినప్పుడు బ్రేకు గొట్టాలలో పీడనం చదరపు సెంటీమీటరుకు సుమారు 16 కిలోలు ఉంటుంది. ఈ పీడనానికి ద్రవం పరిమాణంలో తగ్గేది వెయ్యింట ఒక వంతు లోపే. గాలిబుడగ మాత్రం దాదాపు పదిహేడో వంతుకు చిక్కిపోతుంది. గొట్టాలలో 2 ఘన సెంటీమీటర్ల గాలి, అనగా చిన్న చెంచాలో సగం కూడా నిండనంత గాలి, చేరిందనుకొందాం. దానిని అణచడానికే పెడల్ దాదాపు 3 సెంటీమీటర్లు అదనంగా దిగాలి. చోదకుడు కారును ఆపుతున్నాననుకొంటాడు. నిజానికి అతని పాదం ఆ మూడు సెంటీమీటర్ల మేర గాలిని మాత్రమే నొక్కుతూ ఉంటుంది.

వెంటవెంటనే తొక్కితే పెడల్ గట్టిపడటానికి కారణం కూడా ఇదే వివరణలో ఉంది. మొదటిసారి చక్రాల వైపు వెళ్లిన ద్రవం పూర్తిగా వెనుకకు రాకముందే, పైనున్న తొట్టి నుండి మరికొంత ద్రవం గొట్టంలోకి చేరుతుంది. ఆ అదనపు ద్రవం బుడగ చేసిన లోటును తాత్కాలికంగా పూడుస్తుంది. రోగం నయం కాలేదు, లక్షణం మాత్రమే మరుగుపడింది.

గాలి ఎలా చేరుతుంది?

బ్రేకు వ్యవస్థ మూసివున్నది కదా, గాలి ఎక్కడినుండి వస్తుంది అనే సందేహం సహజం. మరమ్మతు కోసం గొట్టం విప్పినప్పుడు గాలి ప్రవేశిస్తుంది. తొట్టిలో ద్రవం అడుగంటినప్పుడు ద్రవానికి బదులు గాలి లోనికి పోతుంది. రబ్బరు సీళ్లు అరిగినా, గొట్టాల అతుకులు వదులైనా గాలికి దారి దొరుకుతుంది.

వీటన్నిటికంటె మోసకరమైన కారణం మరొకటి ఉంది. కార్లలో సాధారణంగా వాడే బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకొంటుంది. వానాకాలంలో ఉప్పు చెమ్మగిల్లినట్లుగా, అది కాలక్రమాన నీటిని తనలో కలుపుకొంటుంది. కొత్త 'డాట్-3' ద్రవం 205 డిగ్రీల సెల్సియస్‌కు తక్కువ కాని వేడి వద్ద మరగాలని ప్రమాణం. నూటికి నాలుగు వంతుల లోపు నీరు చేరినా ఆ పరిమితి 140 డిగ్రీలకు పడిపోతుంది. 'డాట్-4' విషయంలో ఈ అంకెలు 230, 155. అందుకే ద్రవం శుభ్రంగా కనిపించినా దానిని సుమారు రెండేళ్లకొకసారి మార్చాలని పలువురు తయారీదారులు సూచిస్తారు.

ఈ తేమ వలన కలిగే ప్రమాదం ఘాట్ రోడ్లలో బయటపడుతుంది. తిరుమల నుండి తిరుపతికి దిగే వాహనం సుమారు 700 మీటర్ల ఎత్తు దిగుతుంది. మనుషులతో కలిపి 1000 కిలోల బరువున్న కారు ఆ ఎత్తు దిగేటప్పుడు కోల్పోయే శక్తి, రెండున్నర లీటర్ల నీటిని కాచి పూర్తిగా ఆవిరి చేయగలిగినంత ఉంటుంది. దిగినంతసేపూ బ్రేకు మీదే కాలు ఉంచితే అందులో అత్యధిక భాగం బ్రేకుల వద్ద వేడిగా మారుతుంది. తేమ చేరిన ద్రవం ఆ వేడికి మరిగి ఆవిరిబుడగలు పుడతాయి. అంతవరకు గట్టిగా ఉన్న పెడల్ మలుపులో హఠాత్తుగా కిందికి జారిపోతుంది. కారు ఎలాగో ఆగి, బ్రేకులు చల్లారిన తరువాత ఆవిరి తిరిగి ద్రవంగా మారి పెడల్ మామూలుగా ఉంటుంది. "ఏదో పొరపాటుగా తొక్కి ఉంటాను" అని చోదకుడు భ్రమపడతాడు. లోపం దాగి ఉండి, తరువాతి పల్లం కోసం కాచుకొని ఉంటుంది. పల్లంలో తక్కువ గేరులో దిగాలని పెద్దలు చెప్పడంలోని అంతరార్థం ఇదే. అప్పుడు వాహన వేగాన్ని అణచే భారంలో కొంత ఇంజన్ మోస్తుంది.

గాలిని తీసే విధానం

బ్రేకులో చేరిన గాలిని బయటకు పంపడాన్ని 'బ్లీడింగ్' అంటారు. మెకానిక్ షెడ్డులలో దీనిని 'ఎయిర్ తీయడం' అని వ్యవహరిస్తారు. సూది వేసే ముందు నర్సు సిరంజిని నిలువుగా పట్టి, బుడగను పైకి తెచ్చి, కొద్దిగా మందును చిమ్మి గాలిని వెడలగొట్టడం అందరూ చూసినదే. ఇక్కడ జరిగేదీ అదే. ప్రతి చక్రం వద్ద బ్రేకు సిలిండర్‌కు 'నిపిల్' అనే చిన్న మర ఉంటుంది. తాపీపనివాని రసమట్టంలో బుడగ ఎప్పుడూ పైకే చేరినట్లు, సిలిండర్‌లోని గాలి కూడా పైభాగానికి చేరుతుంది. కనుక నిపిల్‌ను పైభాగాననే అమరుస్తారు. కాలిపర్‌ను పొరపాటున తలకిందులుగా బిగిస్తే నిపిల్ కిందికి వస్తుంది. అప్పుడు ఎంతసేపు శ్రమించినా గాలి పోదు.

ఈ పనికి ఇద్దరు కావాలి. ఒకరు పెడల్ వద్ద, మరొకరు చక్రం వద్ద ఉంటారు. ముందుగా కారును చదునైన నేల మీద నిలిపి, చక్రాలకు అడ్డు పెట్టాలి. కారును ఎత్తవలసి వస్తే జాకీని మాత్రమే నమ్మి కిందికి దూరరాదు. కారు బరువును గట్టి స్టాండ్ల మీద ఆనించాలి. తొట్టి మూత చుట్టూ దుమ్ము తుడిచి, తయారీదారు సూచించిన రకం ద్రవాన్ని, అప్పుడే సీలు తీసిన డబ్బా నుండి నింపాలి.

సాధారణంగా మాస్టర్ సిలిండర్‌కు అన్నిటికంటె దూరంగా ఉన్న చక్రంతో ఆరంభిస్తారు. మన దేశపు కార్లలో చోదకుడు కుడివైపు కూర్చుంటాడు గనుక చాలావాటిలో అది వెనుక ఎడమ చక్రం అవుతుంది. ఆపైన వెనుక కుడి, ముందు ఎడమ, ముందు కుడి చక్రాలు వరుసగా వస్తాయి. కొన్ని కార్లకు ఈ వరుస వేరుగా ఉంటుంది కనుక ఆ కారు పుస్తకంలో చెప్పినదే ప్రమాణం.

నిపిల్‌కు సరిపోయే రింగు పానా తగిలించి, దాని మూతికి పారదర్శకమైన సన్నని గొట్టం తొడగాలి. గొట్టం రెండో కొన ఒక సీసాలో కొద్దిగా పోసిన బ్రేకు ద్రవంలో మునిగి ఉండాలి. కొన గాలిలో ఉంటే బయటి గాలి తిరిగి లోనికి పోయే అవకాశం ఉంది. ఇక ఇద్దరి మధ్య మూడు మాటలు నడుస్తాయి. చక్రం వద్ద ఉన్నవారు "తొక్కు" అనగానే రెండోవారు పెడల్‌ను నిదానంగా నాలుగైదు సార్లు తొక్కుతారు. "పట్టు" అనగానే తొక్కిన పెడల్‌ను అలాగే అదిమి ఉంచుతారు. అప్పుడు నిపిల్‌ను పావు చుట్టో అర చుట్టో వదులు చేస్తే, బుడగలతో కూడిన ద్రవం గొట్టంలోకి వస్తుంది, పెడల్ కిందికి దిగుతుంది. నిపిల్ తిరిగి బిగించిన తరువాతనే "వదులు" అనాలి. బిగించకముందే పాదం తీస్తే, పోయిన గాలి పోయినట్లే తిరిగి వస్తుంది. శ్రమ అంతా వృథా అవుతుంది. మూడు మాటలలో ఏది ముందు, ఏది వెనుక అనే క్రమం తప్పకపోవడమే ఈ పనిలోని నేర్పు.

బుడగలు లేని స్వచ్ఛమైన ద్రవం వచ్చేవరకు దీనిని మళ్లీ మళ్లీ చేయాలి. ఈ మధ్యలో తొట్టిలోని ద్రవం కనిష్ఠ గీతకు దిగువకు పోకుండా చూస్తూ, నింపుతూ ఉండాలి. పాత కార్లలో పెడల్‌ను అడుగంటా తొక్కకుండా దాని కింద ఒక చెక్కముక్క ఉంచడం మంచిది. ఎన్నడూ ముషలకం నడవని భాగంలో తుప్పు ఉంటే, అది రబ్బరు సీలును చీల్చవచ్చు.

పాటించవలసిన జాగ్రత్తలు

బ్రేకు ద్రవాన్ని వాడుకలో 'బ్రేక్ ఆయిల్' అంటారు. ఈ పేరు కొందరిని తప్పుదారి పట్టిస్తుంది. అది ఇంజన్ ఆయిల్ వంటి నూనె కాదు. నూనె జాతివే కదా అని తొట్టిలో ఇంజన్ ఆయిల్ పోస్తే రబ్బరు సీళ్లు ఉబ్బి పాడైపోతాయి. ఒక్క మాటను అపార్థం చేసుకొన్నందుకు మొత్తం బ్రేకు వ్యవస్థ దెబ్బతింటుంది. సిలికాన్‌తో చేసిన 'డాట్-5' ద్రవాన్ని మిగిలిన రకాలతో కలపరాదు. సీసాలోకి వచ్చిన పాత ద్రవాన్ని తిరిగి తొట్టిలో పోయరాదు. మామూలు బ్రేకు ద్రవం కారు రంగు మీద పడితే రంగు లేచిపోతుంది కనుక వెంటనే నీటితో కడగాలి. అది కడుపులోకి పోతే విషం. పిల్లలకు అందనిచోట ఉంచాలి.

పని ముగిసిన తరువాత ఇంజన్ ఆపి ఉండగా పెడల్‌ను గట్టిగా తొక్కిపట్టాలి. అది గట్టిగా నిలిచి, ఏ నిపిల్ వద్దా తడి కనిపించకూడదు. పెడల్ మీద కాలు ఉంచి ఇంజన్ ఆరంభిస్తే పెడల్ కొద్దిగా దిగుతుంది. అది బూస్టర్ పనిచేస్తున్నదనడానికి గుర్తు, లోపం కాదు. ఆ పిమ్మట జనసంచారం లేని చదునైన స్థలంలో మెల్లగా నడిపి చూడాలి. అంతవరకు ఆ కారు రోడ్డు మీదికి రాకూడదు.

గాలి తీసినా పెడల్ మెత్తగానే ఉంటే కారణం వేరేచోట వెతకాలి. పాతబడిన రబ్బరు హోస్ పీడనానికి ఉబ్బుతూ ఉండవచ్చు. చక్రాలు గడియపడకుండా కాపాడే ఏ.బి.ఎస్. పరికరంలో గాలి చిక్కుకొని ఉండవచ్చు. దానిని తీయడానికి అనేక కార్లలో ప్రత్యేక యంత్రం కావాలి. కాలు ఉంచినకొద్దీ పెడల్ నెమ్మదిగా అడుగుకు జారితే మాస్టర్ సిలిండర్ సీళ్లు అరిగి ఉండవచ్చు, లేదా ఎక్కడో ద్రవం కారుతూ ఉండవచ్చు. పెడల్ రాయిలా బిగుసుకొని, తొక్కినా బ్రేకు సరిగా పడకపోతే బూస్టర్‌ను అనుమానించాలి. ఈ లోపాలను అనుభవజ్ఞుడైన మెకానిక్ చేతనే సరిచేయించాలి.

ఇప్పటి కార్లలో బ్రేకు వ్యవస్థను రెండు పాయలుగా విభజిస్తారు. ఒక పాయలో ద్రవం కారిపోయినా రెండోది కొంతవరకు ఆదుకొంటుంది. ఈ ఏర్పాటు కారును ఎలాగో ఆపి పక్కకు చేర్చుకోవడానికే గాని, లోపంతో ప్రయాణాలు సాగించడానికి కాదు. తొట్టిలో ద్రవం తగ్గినప్పుడల్లా నింపి ఊరుకోవడం కూడా తగదు. అది ఎందుకు తగ్గిందో తెలుసుకోవాలి. ప్యాడ్లు అరిగితే తగ్గుతుంది, ఎక్కడో కారుతున్నా తగ్గుతుంది. గాలిని తీయడం ఎంత అవసరమో, గాలి వచ్చిన దారిని మూయడమూ అంతే అవసరం.

యంత్రానికి మాట లేదు. దాని బాధను అది పాదానికి తెలిసే మెత్తదనంగా, చేతికి తెలిసే వణుకుగా, చెవికి తెలిసే కీచుమోతగా చెబుతుంది. ఆ భాషను అర్థం చేసుకొనేవారికి గండం రాకముందే తెలుస్తుంది. రెండోసారి తొక్కితే పడే బ్రేకు, పడని బ్రేకుతో సమానం. మొదటిసారి తొక్కినప్పుడే నిలిచేలా దానిని ఉంచుకోవడం చోదకుని ధర్మం. కారులో ఉన్నవారికే కాదు, రోడ్డు దాటుతున్న అపరిచితునికి కూడా అతడు చేయగల ఉపకారం ఇది.

అభ్యాసం

వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. ద్రవానికీ గాలికీ గల తేడా బ్రేకు పనితీరును ఎలా ప్రభావితం చేస్తుందో వివరించండి.
2. బ్రేకులో చేరిన గాలిని తీసే విధానాన్ని క్రమంగా రాయండి.

సంగ్రహ సమాధానాలు రాయండి.
1. ఘాట్ రోడ్డులో మెత్తబడిన పెడల్ కొంతసేపటికి మామూలు స్థితికి రావడానికి కారణం ఏమిటి?
2. 'బ్రేక్ ఆయిల్' అనే పేరు వలన కలిగే పొరపాటు ఎలాంటిది?
3. "రోగం నయం కాలేదు, లక్షణం మాత్రమే మరుగుపడింది." ఈ వాక్యం ఏ సందర్భంలోనిది? దాని భావం తెలపండి.